ఇంటిలోని నిస్తంత్రి సంధానము ఏల తెగును?

డోర్నకల్ చిన్న పట్టణమే కాని, రైలుమార్గముల పటములో దానికి ముఖ్యస్థానము కలదు. కాజీపేట నుండి విజయవాడకు పోవు ప్రధాన మార్గముపై అది జంక్షను. అచ్చట నుండి ఒక శాఖామార్గము చీలి, కారేపల్లి మీదుగా కొత్తగూడెములోని భద్రాచలం రోడ్ స్టేషనుకు పోవును. పూర్వము వరంగల్ జిల్లాలో చేరి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరివారికి ఒక సంగతి బాగుగా తెలియును. కొత్తగూడెము చేరవలసిన బండి చేరనప్పుడు, అది ప్రధాన మార్గముపై ఆగినదా, జంక్షనులోనే నిలిచినదా, లేక శాఖామార్గముపై చిక్కినదా అని మొదట తెలిసికొనవలెను. అది తెలియక ఎవరిని ఎంత అడిగినను ప్రయోజనముండదు.

ఇంటిలో వై-ఫై తెగిపోవుట కూడ సరిగా ఇట్టి సమస్యయే.

ఈ ఊరిలో ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. ముందుగది పాతది, గోడలు అడుగున్నర మందము గల రాతిగోడలు. వెనుక రెండు గదులు తరువాత కాంక్రీటుతో కట్టినవి. ఇంటర్నెట్ తీగ ముందుగదిలోనికి వచ్చును గనుక, రూటర్ అచ్చటనే టెలివిజను వెనుక పెట్టబడినది. పదవ తరగతి చదువు అమ్మాయి వెనుకగదిలో కూర్చుండును. ఉపకారవేతనపు దరఖాస్తుకు ఆ రాత్రియే గడువు. పత్రములు సగము ఎక్కినవో లేదో, తెరపై చక్రము తిరుగుట మొదలిడును, సంధానము తెగును. రూటరును ఆపి మరల వేయుదురు. పది నిమిషములు బాగుగా నడచి, మరల తెగును. "ఈ డబ్బా పాడైనది, కొత్తది కొనవలె" నని ఒకరు, "కంపెనీనే మార్చవలె" నని మరియొకరు అందురు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న తాతగారు మాత్రము, "ముందు బండి ఏ లైనులో ఆగిందో కనుక్కోమ్మా" అందురు. ఆ మాటలోనే ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది.

ఈ విషయము వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడి పాఠములు దూరదర్శన్, టీ-శాట్ ప్రసారముల ద్వారాను, సెల్‌ఫోనుల ద్వారాను మొదలైనప్పటి నుండి, సంధానము తెగుట యనగా పాఠము తెగుట అని ఇంటింటికి తెలిసివచ్చినది.

రెండు మార్గములు, ఒక జంక్షను

సెల్‌ఫోనునకు వచ్చు సమాచారము రెండు దశలలో ప్రయాణించును. మొదటిది, బయటి నుండి ఇంటివరకు వచ్చు మార్గము. నేడు అనేక గృహములకు ఇది సన్నని గాజుపోగు. దానిలో సమాచారము కాంతిరూపమున ప్రవహించును. రెండవది, ఇంటిలో రూటరు నుండి ఫోను వరకు గాలిలో సాగు రేడియో తరంగముల మార్గము. దీనినే వై-ఫై అందురు. మొదటిది ప్రధాన మార్గము, రెండవది శాఖామార్గము, రూటరు జంక్షను. ఇంటర్నెట్ రానప్పుడెల్ల జనులు "వై-ఫై పోయినది" అందురు గాని, చాలసార్లు వై-ఫై చక్కగానే ఉండి బయటి మార్గమే తెగియుండును.

ఈ రెంటిని వేరుచేయు పరీక్ష సులభము. సంధానము తెగిన వెంటనే, రూటరును ఆపక ముందే, మూడు సంగతులు చూడవలెను.

మొదటిది: ఇంటిలోని ఫోనులన్నియు ఒకేసారి ఆగినవా, లేక ఒకటే ఆగినదా? ఒకటే ఆగినచో దోషము ఆ ఫోనుదో, అది ఉన్న చోటుదో అగును.

రెండవది: ఆగిన ఫోనును రూటరునకు రెండు మూడు అడుగుల దూరమునకు తీసికొనిపోయినచో పనిచేయుచున్నదా? చేసినచో దోషము శాఖామార్గముననే కలదు. అచ్చటను పనిచేయనిచో బయటి మార్గమును గాని రూటరును గాని అనుమానింపవలెను.

మూడవది: కంప్యూటరు ఉన్నచో దానిని తీగతో రూటరునకు కలిపి "పింగ్" అను ఆజ్ఞను ఇయ్యవచ్చును. పింగ్ యనగా "ఉన్నావా?" యని పిలిచి, "ఉన్నాను" అను జవాబు ఎంత కాలములో వచ్చినదో కొలుచుట. మొదట రూటరును పిలువవలెను. దాని చిరునామా పెక్కు ఇండ్లలో 192.168.1.1 అని ఉండును. తరువాత బయటి చిరునామానొకదానిని, మచ్చునకు 8.8.8.8 ను, పిలువవలెను. రూటరు పలికి, బయటిది పలుకనిచో ప్రధాన మార్గమే తెగినది. తీగమీద రెండును పలికి, వై-ఫై మీద రూటరే పలుకనిచో దోషము గాలిలోని మార్గమున ఉన్నది.

రూటరును ఆపి మరల వేయుట మందు వంటిదే కాని, రోగమును తెలుపదు. అట్లు చేసినప్పుడు రూటరు క్రొత్త చానెలును ఎన్నుకొనవచ్చును, జ్ఞాపకములో చిక్కుపడినదానిని తుడిచివేయవచ్చును, బయటి సంధానమును తిరిగి కలుపుకొనవచ్చును. ఏది జరిగి బాగుపడినదో తెలియదు. పైగా ఉన్న సాక్ష్యమంతయు చెరిగిపోవును.

ప్రధాన మార్గమున లోపములు

గాజుపోగులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనము వలన ముందునకు సాగునని విద్యార్థులు చదివియుందురు. పోగును మిక్కిలిగా వంచినచో కాంతి పతనకోణము సందిగ్ధకోణము కంటె తగ్గి, కొంత వెలుగు బయటికి జారిపోవును. తలుపుసందున నలిగిన తీగ, మేకునకు బిగించి చుట్టిన తీగ, ఎలుక కొరికిన తీగ — వీని ఫలితమిదియే. కాంతి చాలినంత చేరనప్పుడు గోడకున్న పెట్టెపై "ఎల్‌ఓఎస్" అను దీపము ఎర్రగా వెలుగును, లేదా మినుకుమినుకుమనును. ఆ దీపము ఎర్రబడినచో ఇంటిలో రూటరును ఎచ్చటికి జరిపినను లాభము లేదు. సంధానమిచ్చినవారికి కబురు పంపవలెను.

జంక్షనుకే వచ్చు చిక్కులు రెండు. ఒకటి విద్యుత్తు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొను క్షణకాలపు ఎడములో కొన్ని రూటర్లు ఆరి మరల మొదలగును. దీపములు ఆరినట్లే కనబడకున్నను, రూటరు తిరిగి సిద్ధమగుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును. అంత సేపు సంధానముండదు. రెండవది వేడి. గృహములకు చేయు రూటర్లు సాధారణముగా 40 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేయునట్లు నిర్మింపబడును. ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములలో మే నెల ఎండ దానిని సులభముగా మించును. టెలివిజను వెనుక గాలియాడని మూలలో, బట్టకప్పిన రూటరు మధ్యాహ్నములందు మాత్రమే ఆగుచున్నచో, దానికి కావలసినది గాలియే.

గాలిలోని మార్గము

దోషము శాఖామార్గమునదని తేలినచో, రేడియో తరంగముల స్వభావమును తెలిసికొనవలెను. ఇవి కాంతి వంటి విద్యుదయస్కాంత తరంగములే. 1887-88లో జర్మనీలో హెర్ట్జ్ వీనిని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసు గోడలగుండ వీనిని పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. ఆయన వాడిన తరంగముల పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. నేటి వై-ఫై తరంగములు వానికి దగ్గర చుట్టములే.

వై-ఫైకి మొదటి ప్రమాణము 1997లో ఏర్పడినది. ఇండ్లలో ముఖ్యముగా రెండు పౌనఃపున్యములు వాడుకలో ఉన్నవి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. కాంతి సెకనునకు 3000 కోట్ల సెంటిమీటర్లు పోవును. 2.4 గిగాహెర్ట్జ్ అనగా సెకనునకు 240 కోట్ల కంపనములు. 3000ను 240చే భాగించినచో తరంగదైర్ఘ్యము 12.5 సెంటిమీటర్లు — రమారమి ఒక జానెడులో సగము కంటె కొంచె మెక్కువ. ఇట్లే 5 గిగాహెర్ట్జ్ తరంగము 6 సెంటిమీటర్లు. పొట్టి తరంగము ఎక్కువ సమాచారమును మోయుటకు అనువైనది గాని, గోడలను దాటుటలో బలహీనమైనది. అందువలన ముందుగదిలో 5 గిగాహెర్ట్జ్ మేలు. రాతిగోడ ఆవల 2.4 గిగాహెర్ట్జ్ నమ్మదగినది.

తరంగబలమును కొలుచుటకు డెసిబెల్ అను కొలమానము కలదు. ఒక మిల్లీవాటు బలమును సున్నగా తీసికొని, 10 డెసిబెల్లు తగ్గినప్పుడెల్ల బలము పదవవంతు అగునని లెక్కించుదురు. ఫోనుకు చేరు బలము –50 అనగా మిల్లీవాటులో లక్షవ వంతు. –70 అనగా కోటవ వంతు. ఇంత స్వల్పమైన బలముతోనే సమాచారము అందుట నిజముగా ఆశ్చర్యకరము. –65 వరకు దృశ్యపాఠములు చక్కగా నడచును. –70 దాటినచో తడబాటు మొదలగును. –80 దాపున సంధానము నిలుచుట కష్టము. ఈ అంకెను చూపు ఉచిత అనువర్తనములు సెల్‌ఫోనులో లభించును. దానితో గదిగదికి తిరిగి అంకెలు వ్రాసికొనినచో ఇంటికి ఒక తరంగపటము సిద్ధమగును.

కొయ్యతలుపు, సన్నని ఇటుకగోడ తరంగమును కొంచెముగానే తగ్గించును. మందమైన రాతిగోడ, ఇనుపకమ్మీలున్న కాంక్రీటు చాల తగ్గించును. ఇనుపబీరువా, ఫ్రిజ్, వెనుక లోహపుపూత గల నిలువుటద్దము తరంగమును వెనుకకు కొట్టును. నిండిన నీటితొట్టి దానిని త్రాగివేయును. మనుష్యుని దేహములో అధికభాగము నీరే గనుక, గది నిండ చుట్టములు కూర్చున్నప్పుడు సంధానము మందగించుటలో వింత లేదు.

ఇచ్చట ఒక మెలిక కలదు. ఫోనుపై గీతలన్నియు నిండుగా ఉన్నను సంధానము తెగవచ్చును. ఆ గీతలు రూటరు స్వరము ఫోనుకు ఎంత వినబడుచున్నదో మాత్రమే చెప్పును. చిన్న బ్యాటరీతో నడచు ఫోను స్వరము రూటరు స్వరము కంటె తరచుగా సన్నము. వై-ఫైలో సమాచారపు ముక్క ముట్టిన ప్రతిసారి "ముట్టినది" అను జవాబు వెనుకకు పోవలెను. పోనిచో ఆ ముక్కను మరల పంపుదురు. రూటరు మాట ఫోనుకు చేరి, ఫోను జవాబు రూటరునకు చేరనిచో, పంపినదే మరల మరల పంపుచు తుదకు సంధానము వదలివేయబడును.

ప్రతిధ్వనులు, రద్దీ

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్ వంటి ఎత్తైన మందిరములో చప్పట్లు చరచినచో, శబ్దము గోడలను తాకి తిరిగివచ్చును. తరంగములును అట్లే గోడలను, నేలను తాకి, పలు దారుల ఫోనును చేరును. రెండు తరంగముల శృంగములు కలిసినచోట బలము పెరుగును. ఒకదాని శృంగము, మరియొకదాని ద్రోణి కలిసినచోట అవి ఒకదానినొకటి చంపుకొనును. దీనినే వ్యతికరణమని పాఠములలో చదువుదురు. బలమైన చోటునకు, బలహీనమైన చోటునకు నడుమ దూరము కొలది సెంటిమీటర్లే. అందుచే బల్లపై కదలక ఉన్న ఫోనును బెత్తెడు ప్రక్కకు జరిపినంతనే సంధానము బాగుపడుట కలదు. అది మంత్రము కాదు, భౌతికశాస్త్రము.

ఇక రద్దీ సంగతి. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు లేకయే వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించినది; 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాలమైన భాగమును తెరచినది. అందరి ఆస్తి అయిన దారిలో తొక్కిసలాట సహజము. బ్లూటూతు పరికరములు 2.4 పట్టీలోనివే, మైక్రోవేవ్ పొయ్యి సుమారు 2.45 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేయును. ప్రక్కయిండ్ల రూటర్లు సరేసరి.

ఈ పట్టీలో 13 చానెళ్లు ఉన్నవి. ఒకదానికొకదానికి ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాని ఒక్కొక్క ప్రసారమునకు కావలసిన వెడల్పు రమారమి 20. కావున 1, 6, 11 అను మూడు చానెళ్లే ఒకదానినొకటి ఒరయక నడువగలవు. ఒకే చానెలులో ఉన్న రెండు రూటర్లు వంతులవారీగా మాటలాడుకొనును: ప్రతి పరికరము మొదట విని, నిశ్శబ్దముగా ఉన్నప్పుడే పలుకును. ఇది మర్యాదయైన పద్ధతి. వేగము తగ్గును గాని పని సాగును. 3వ చానెలులో ఉన్న రూటరు మాత్రము 1వ దానివారికిని, 6వ దానివారికిని అర్థముకాని గోలగా వినబడును. సాయంకాలము, వీధియంతయు తెరలముందు కూర్చున్న వేళ మాత్రమే సంధానము చెడుచున్నచో, కారణము రద్దీయని ఊహింపవచ్చును. 5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు ఎక్కువ గనుక ఊపిరాడును. ఐతే అందులో కొన్ని రాడార్లతో పంచుకొనునవి. రాడారు జాడ తోచినచో రూటరు మర్యాదగా ఆ చానెలును విడిచిపోవును. అప్పుడు ఉన్నట్టుండి అన్ని ఫోనులు క్షణకాలము తెగును.

రైలు దోషమా?

మనము ఊహించిన ఇంటిలో మరియొక అనుమానము కలదు. "రైలు పోయినప్పుడెల్ల నెట్టు పోవుచున్నది" అని ఇంటివారందురు. ఇది నిజమా? రైలుతీగలోని విద్యుత్తు 25,000 వోల్టులది; దాని పౌనఃపున్యము 50 హెర్ట్జ్ మాత్రమే. వై-ఫై పౌనఃపున్యమునకు దీనికి ఏనుగుకు చీమకు ఉన్నంత పోలికయు లేదు. ఇంజనుపై తీగను తాకు చోట పుట్టు నిప్పురవ్వలు కొంత రేడియో రొదను వెదజల్లును గాని, అది గిగాహెర్ట్జ్‌ల వద్ద మిక్కిలి సన్నగిల్లును. నేల అదరుట వలన వదులుగా ఉన్న ప్లగ్గు కదలుటకు మాత్రము అవకాశమున్నది.

వాదించుట కంటె వ్రాయుట మేలు. ఒక నోటుపుస్తకములో మూడు నిలువుగీతలు గీసి, సంధానము తెగిన వేళ, రైలు పోయిన వేళ, అప్పుడు ఇంటిలో జరుగుచున్న పని వ్రాయవలెను. ముఖ్యమైనది రెండవ గడి: సంధానము తెగనప్పుడు పోయిన రైళ్లను కూడ వ్రాయవలెను. మనుష్యుని మనస్సు కలిసివచ్చిన సంఘటనలను గుర్తుంచుకొని, కలిసిరాని వానిని మరచును. రోజంతయు రైళ్లు తిరుగు జంక్షనులో ఏ సంఘటనకైనను దాపున ఒక రైలు దొరకును. మూడు దినముల లెక్కలో ఎన్నో రైళ్లు పోయినను సంధానము చెక్కుచెదరక, రైలు లేని వేళ తెగియున్నచో, రైలు నిర్దోషి.

ఊహించిన ఇంటిలో ఆ లెక్క ఇట్లు తేలెననుకొనవచ్చును: తెగినవన్నియు వెనుకగదిలోనే, ఎక్కువ భాగము సాయంత్రము 7 నుండి 10 లోపుననే, ఎల్‌ఓఎస్ దీపము ఎన్నడును ఎర్రబడలేదు. వెనుకగదిలో బలము –79. రూటరు దగ్గర –40. దారిలో రాతిగోడ, దానికి ఆనుకొని ఇనుపబీరువా. ఇప్పుడు దోషము ఎచ్చట ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

చికిత్స

చికిత్సలో మొదటి సూత్రము ఒకసారి ఒక్కటే మార్చుట. రూటరును జరిపి, చానెలును మార్చి, ఫోనును తాజాపరచి, అన్నియు ఒకేమారు చేసినచో దేనివలన గుణమిచ్చినదో తెలియదు.

మొదట ఖర్చులేని పని: రూటరును టెలివిజను వెనుక నుండి తీసి, ఇంటి నడుమ, తలుపుదారికి ఎదురుగా, తలయెత్తున పెట్టవలెను. గాజుపోగు పెట్టెను కదలింపరానిచో, దాని నుండి రాగితీగను నడిపి రూటరును లోపల నిలుపవచ్చును. ఆ తీగ 100 మీటర్ల వరకు నిశ్చింతగా పనిచేయును. తరువాత చానెలును 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చవలెను. అటుపిమ్మట 2.4, 5 పట్టీలకు వేర్వేరు పేర్లు పెట్టి, వెనుకగది ఫోనును మొదటిదానికే కట్టివేయవచ్చును. లేనిచో కొన్ని ఫోనులు ఆ పట్టీకి ఈ పట్టీకి ఊగిసలాడుచు ప్రతి మార్పునను తెగును.

ఒక ఫోనే తెగుచున్నచో దానిలో బ్యాటరీ పొదుపు ఏర్పాటును తీసి చూడవలెను. తెర ఆరినపుడు కొన్ని ఫోనులు వై-ఫైని నిద్రపుచ్చును. ఆ తరువాత ఫోనులో ఆ సంధానమును "మరచిపొమ్మని" చెప్పి క్రొత్తగా చేర్చవలెను. రూటరు ప్రతి పరికరమునకు ఒక చిరునామా ఇచ్చును. ఎవరైన చేతితో చిరునామా పెట్టుటవలన రెండు పరికరములకు ఒకటే వచ్చినచో, ఒకే ఇంటి నంబరు గల రెండిండ్లకు వచ్చిన ఉత్తరముల గతియే పట్టును.

ఇవన్నియు చేసినను వెనుకగదికి బలము చాలనప్పుడే డబ్బు ఖర్చుపెట్టవలెను. తరంగమును అందుకొని మరల పంపు పరికరము దొరకును. కాని ఒకే చానెలులో వినుట, చెప్పుట రెండును చేయునది గనుక వేగము సగమునకు పడిపోవచ్చును. దానిని బలము క్షీణించిన వెనుకగదిలో గాక, బలము ఇంకను బాగుగా ఉన్న నడిమిగదిలో పెట్టవలెను. తానే వినలేనివాడు ఇతరులకేమి చెప్పగలడు? తీగను వెనుకగదివరకు లాగి అచ్చట రెండవ రూటరును పెట్టుట అన్నిటికంటె మేలైన మార్గము.

ఊహించిన ఇంటిలో బీరువాను ప్రక్కగోడకు జరిపి, రూటరును తలుపుదారికి తెచ్చి, చానెలును మార్చినంతనే వెనుకగదిలో –79 ఉన్న బలము –62 అయినచో, అది యాభై రెట్ల పెరుగుదల. కొత్త డబ్బా అవసరము లేదు, కంపెనీ మార్పు అవసరము లేదు. దరఖాస్తు గడువులోపల చేరును.

బడులలో ఉపాధ్యాయులు దీనిని చక్కని ప్రయోగముగా చేయింపవచ్చును. ఒక ఫోను, ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకము చాలును. రూటరు నుండి 1, 2, 4, 8 మీటర్ల దూరమున బలమును కొలిచి రేఖాపటము గీయవచ్చును. నడుమ కొయ్యబల్లను, ఇనుపపళ్లెమును, నీళ్ల బిందెను అడ్డుపెట్టి తేడాను వ్రాయవచ్చును. ఫోనును రెండేసి సెంటిమీటర్లు జరుపుచు వ్యతికరణమును చూడవచ్చును. ఆ తరువాత విద్యార్థులు తమ ఇండ్లలో రూటరు మీద చేయివేయుటకు ముందు ఒక ప్రశ్న తప్పక వేసికొందురు: బండి ఏ మార్గముపై ఆగినది?